ఈఎఫ్0 టోర్నడోను బలహీనమైనదే అంటారు కదా, దానివల్ల నిజంగా నష్టం ఉంటుందా?

మీరు సముద్రం ఒడ్డున చిన్న ఊళ్లో మొబైల్ హోమ్ (ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి నిలబెట్టే తేలికపాటి ఇల్లు) కొనబోతున్నామని, అక్కడ వస్తే గిస్తే ఈఎఫ్0 టోర్నడోలే కాబట్టి భయం లేదన్నారని రాశారు. టోర్నడో అంటే భారీ సుడిగాలి, దాని తీవ్రతను చెప్పే ఈఎఫ్ అంకెల్లో 0 అన్నిటికన్నా తక్కువది, 5 అన్నిటికన్నా ఎక్కువది. నేను దగ్గరుండి చూసినదాన్నిబట్టి చెప్తున్నాను, ఆ మాట నమ్మి కొనకండి.

2023 మార్చి 21. మర్నాడు ఉగాది. మేముండేది కాలిఫోర్నియాలో, శాంటా బార్బరా దగ్గర. వేపపువ్వు ఎక్కడా దొరకలేదని నేను టెన్షన్ పడుతుంటే మా ఆఫీసులో పనిచేసే ఆవిడ ఫోన్ చేసింది. కార్పింటేరియాలో వాళ్లమ్మ ఉంటున్న ఇంటి మీదుగా టోర్నడో వెళ్లిందట. అది 13 వేల మంది ఉండే ఊరు, పక్కనే సముద్రం. అక్కడ టోర్నడో ఏమిటని నాకు నమ్మబుద్ధి కాలేదు.

పొద్దున్నే వెళ్లాం. శాండ్‌పైపర్ విలేజ్ అనే మొబైల్ హోమ్ పార్కు అది. పాతిక ఇళ్ల దాకా దెబ్బతిన్నాయి. పెద్దావిడ ఇల్లు దూరం నుంచి బాగానే ఉన్నట్టు కనిపించింది. దగ్గరికెళ్తే కారు షెడ్డు మీది అల్యూమినియం రేకు లేదు. పోతూ పోతూ, తనను బిగించిన చోట ఇంటి పైకప్పు అంచును కూడా చీల్చుకుని పోయింది. పక్కింటివాళ్ల రేకు వచ్చి ఈవిడ కిటికీకి తగిలింది. చీలిక చిన్నదే, కానీ రాత్రంతా వాన పడింది. పరుపు, కార్పెట్, ఫొటో ఆల్బమ్‌లు అన్నీ తడిశాయి. గాలి తీసింది రేకే, ఇంటిని పాడుచేసింది ఆ కన్నంలోంచి దిగిన నీళ్లు. ఆవిడ తడిసిన ఫొటోలు ఒక్కొక్కటీ తువ్వాలు మీద ఆరబెడుతుంటే నాకు ఏం మాట్లాడాలో తోచలేదు.

వాతావరణ సంస్థవాళ్లు నష్టం చూసి ఈఎఫ్0 అన్నారు. గాలి గంటకు 75 మైళ్లు, అంటే సుమారు 120 కిలోమీటర్లు. మన దేశంలో గాలి గంటకు 118 కిలోమీటర్లు దాటితే అతి తీవ్ర తుపాను అంటాం. ఆ లెక్క మూడు నిమిషాల సగటు, ఇది మూడు సెకన్ల విసురు, కాబట్టి రెండూ సమానం కావు. అయినా రేకు లేచిపోవడానికి మూడు సెకన్లు చాలు. మాది కాకినాడ వైపు. తుపానైతే రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది, పడవలు ఒడ్డుకు లాగుతారు, బియ్యం, కిరోసిన్ తెచ్చి పెట్టుకునేవాళ్లం. ఇక్కడ ఆవిడకు కుర్చీలోంచి లేచే టైమ్ కూడా లేకపోయింది. పైగా ఇటువైపు ఈఎఫ్0లే వస్తాయనీ లేదు. ఉగాది రోజే, అంటే 22న, లాస్ ఏంజిల్స్ పక్కన మాంటెబెల్లోలో ఈఎఫ్1 వచ్చింది, అక్కడ గాలి 110 మైళ్లు.

ఈఎఫ్ అంకె జరిగిన నష్టాన్ని చూసి గాలి వేగాన్ని అంచనా కట్టి ఇచ్చేది. అది మీ ఇల్లు తట్టుకుంటుందని హామీ కాదు. కొనేముందు ఇంటిని నేలకు కట్టే పట్టీలు ఉన్నాయో లేదో కింద దూరి చూడమని ఇన్‌స్పెక్టర్‌ను అడగండి. కారు షెడ్డు, వరండా రేకులు ఇంటికి బిగించారా, వాటికి విడిగా స్తంభాలున్నాయా చూడండి. హెచ్చరిక వస్తే మొబైల్ హోమ్‌లో ఉండకుండా వెళ్లడానికి దగ్గర్లో గట్టి కట్టడం ఏదుందో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. కిటికీలు తెరిస్తే ఇల్లు నిలబడుతుందని ఎవరైనా చెప్తే వినొద్దు, గాలి లోపలికొచ్చి కప్పును ఇంకా పైకి తోస్తుంది. ఏదైనా జరిగితే మాత్రం శుభ్రం చేయకముందే ఫొటోలు తీసి, వెంటనే టార్పాలిన్ కప్పండి. మేం ఆ రోజు మధ్యాహ్నానికి గానీ కప్పలేకపోయాం.