ద్రాక్ష తోటల చదువుకు అమ్మాయిని న్యూజిలాండ్ పంపొచ్చా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. బత్తాయి తోట ఉంది. మా అమ్మాయి బీఎస్సీ హార్టికల్చర్ చివరి సంవత్సరంలో ఉంది. న్యూజిలాండ్‌లోని లింకన్ యూనివర్సిటీలో ద్రాక్ష సాగు, వైన్ తయారీ కోర్సు చేస్తానంటోంది. ఇక్కడే ఎమ్మెస్సీ ఫ్రూట్ సైన్స్ చేయడం మేలా, అది మేలా? మట్టి పని నుంచి బయటపడుతుందనే చదివించాం. పైగా వైన్ అంటే చుట్టాలు ఏమనుకుంటారో, రేపు సంబంధాలు ఎలా వస్తాయో అని టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రెండు చదువుల్లో ఏది మేలని అడిగారు కానీ, మీ బెంగంతా "మట్టి పని నుంచి బయటపడుతుందనే చదివించాం" అన్న మాటలోనే ఉంది. వ్యవసాయం చేసే ఇళ్ల నుంచి ఈ మాట నాకు తరచూ వస్తుంది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

ఈ చదువు చదివితే మట్టి పని తప్పదు. కన్సల్టెన్సీల బ్రోచర్లలో గ్లాసు పట్టుకుని నవ్వే అమ్మాయి ఫొటో ఉంటుంది. తోటలో అసలు పని మాత్రం జూన్‌లో మొదలవుతుంది. అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం. ద్రాక్ష ఎక్కువగా పండే మార్ల్‌బరో ప్రాంతంలో ఆకు మొత్తం రాలిపోయి తీగ నిద్రపోతుంది. అప్పుడు కత్తిరింపు. ఒక్కో మొక్క దగ్గర ఆగి, పోయిన పంట కాసిన కొమ్మలు కోసి, తీగ పాకడానికి కట్టిన వైర్లకు చుట్టుకుపోయినవాటిని లాగి పడేసి, రెండో నాలుగో మంచి కొమ్మలు మాత్రం ఉంచి, వాటిని విరగకుండా వంచి వైరుకు కట్టాలి. పొద్దున్నే వైరు మీద మంచు గడ్డకట్టి ఉంటుంది, వేళ్లు కొంకర్లు పోతాయి. ఏ కొమ్మ ఉంచాలో చూసీ చూడగానే తేల్చుకోవాలి, ఎందుకంటే పక్కన వందల మొక్కలు ఎదురుచూస్తుంటాయి. తర్వాతి పంట ఆ ఎంపిక మీదే ఆధారపడుతుంది.

సెప్టెంబర్, అక్టోబర్‌లలో చిగురు వస్తుంది. ఆ రోజుల్లో ఒక్క రాత్రి గట్టిగా మంచు పడితే చిగురు మాడిపోతుంది. గాలి కదలని రాత్రిళ్లు నేల దగ్గర బాగా చల్లగా, కాస్త పైన వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చటి గాలిని కిందికి తేవడానికి తోటల్లో పెద్ద ఫ్యాన్లు తిప్పుతారు, హెలికాప్టర్లు కూడా ఎగరేస్తారు. తోట బాధ్యత చూసేవాళ్లకు ఆ రాత్రి నిద్ర ఉండదు. డిసెంబర్‌లో పూత. అప్పుడు చలి ఎక్కువైతే పిందె సరిగా నిలవదు. అంతటితో పోదు, మరుసటి ఏడాది గుత్తులు కూడా ఆ రోజుల్లోనే మొగ్గలో రూపు దిద్దుకుంటాయి కాబట్టి ఒక చలి దెబ్బ రెండు పంటల మీద పడొచ్చు.

2021లో న్యూజిలాండ్ మొత్తం మీద ద్రాక్ష దిగుబడి సుమారు 3.7 లక్షల టన్నులు. మరుసటి ఏడాది 5.3 లక్షల టన్నులు దాటింది. పంట ఇంతగా ఊగిసలాడే చోట, తక్కువ పండిన ఏడాది ముందుగా తగ్గించేది సీజన్ కోసం తీసుకునే మనుషులనే. మీరు భయపడాల్సింది దీని గురించి.

ఈ కోర్సు మీద నాకున్న అనుమానం కూడా అదే. మార్చి, ఏప్రిల్‌లలో అక్కడ కోతలు. మార్ల్‌బరోలో చాలావరకు యంత్రాలతో కోస్తారు, పండు చల్లగా ఉండాలని రాత్రంతా నడుపుతారు. ఆ కొద్ది వారాలూ వైనరీల్లో పన్నెండు గంటల షిఫ్టులుంటాయి, మనుషులు బాగా కావాలి. కొత్తగా వెళ్లిన పిల్లలు "ఉద్యోగం వచ్చింది" అని ఇంటికి ఫోన్ చేసేది ఎక్కువగా అప్పుడే. కోతలు అయిపోతాయి, ఆ పనీ అయిపోతుంది. యూరప్ పిల్లలు సెప్టెంబర్‌లో తమ వైపు కోతలకు వెళ్లిపోతారు, మళ్లీ మార్చికి దక్షిణానికి వస్తారు. మన పాస్‌పోర్టుతో అలా తిరగాలంటే ప్రతిసారీ వీసా, ప్రతిసారీ ఖర్చు. వైన్‌మేకర్ కుర్చీలు చాలా కొద్ది, వాటి కోసం ఏళ్ల తరబడి కాచుకున్నవాళ్లు ముందే ఉన్నారు. అందుకే మీ అమ్మాయి వెళ్తే తోట వైపే ఉండమంటాను. తెగుళ్లు, నీరు, పోషకాలు, పక్వం చూసే పని ఏడాది పొడవునా ఉంటుంది, తన హార్టికల్చర్ చదువు అక్కడ సూటిగా పనికొస్తుంది.

ఇంకో మాట. అక్కడ నేర్చుకున్నది తెచ్చి ఇక్కడ యథాతథంగా వాడలేం. రాత్రిళ్లు చల్లగా ఉండటం వల్ల అక్కడ కాయలో పులుపు నిలుస్తుంది, సావిన్యోన్ బ్లాంక్ అనే వాళ్ల తెల్ల వైన్‌కి పేరు రావడంలో ఆ పులుపుకీ వాటా ఉంది. మన దగ్గర తీగ నిద్రపోదు. అందుకే నాసిక్ రైతులు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కత్తిరించి ఒకే పంట తీస్తారు. అక్కడ చదివొచ్చి తెలంగాణలో తోట వేస్తానంటే సగం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.

ఇక చుట్టాల సంగతి. కాస్త గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోవద్దు. మీ అమ్మాయి ఫీజులు కట్టింది బత్తాయి తోట మీద వచ్చిన డబ్బుతోనే కదా? ఆ పనిని మీరే పిల్ల ముందు తక్కువ చేసి మాట్లాడితే, తను ఇష్టపడి చదివిన చదువు మీద తనకే నమ్మకం పోతుంది. హార్టికల్చర్‌లో చేర్పించింది మీరే. చేర్పించి, తోటలోకి వెళ్లొద్దంటే ఎలా? సంబంధాల మాట కూడా ఇప్పుడు ఎత్తకండి. చదువు ఎంచుకునేటప్పుడు ఇంకా పుట్టని సంబంధం గురించి లెక్కలు వేయడం ఆ పిల్లకు అన్యాయం. తాగుడు అలవాటవుతుందన్న భయం ఉంటే అదీ తీసేయండి. రుచి చూసే క్లాసుల్లో నోట్లో పోసుకుని ఉమ్మేయడమే పద్ధతి. తోటలో పనిచేసేవాళ్లు రుచి చూసేది కాయనే. పది చోట్ల నుంచి కోసుకొచ్చిన కాయలు నలిపి, ఒక చుక్క రసం రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద వేసి, వెలుతురుకి ఎత్తి చక్కెర శాతం చూస్తారు. కోత తేదీ తేల్చేది ఆ అంకె, కాయలోని పులుపు, మీద కురవబోయే వాన.

పోలిక అడిగారు కాబట్టి చెబుతాను. పరిశోధన, పాఠాలు చెప్పడం, ప్రభుత్వ ఉద్యోగం ఆమెకు ఇష్టమైతే ఎమ్మెస్సీయే సరైన దారి, ఖర్చూ తక్కువ. పుణె దగ్గర మాంజరిలో జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం కూడా ఉంది కాబట్టి ద్రాక్ష మీద పనిచేయాలంటే దేశం దాటాల్సిన పని లేదు. తోటలోనే బతకాలని ఉంటే న్యూజిలాండ్ చెడ్డ ఆలోచనేం కాదు. మీ అమ్మాయి ఏదీ పాడు చేసుకోవడం లేదమ్మా. చదివిన సబ్జెక్టుకు దగ్గరగా ఉన్నదే అడుగుతోంది, ఆ వయసులో అంత స్పష్టత అందరికీ ఉండదు.

అయితే లోన్ ఇప్పుడే తీసుకోకండి. డిగ్రీ అయ్యాక ఈ అక్టోబర్‌కి నాసిక్‌లో ఏదైనా ద్రాక్ష తోటలో చేరమనండి, వైన్ ద్రాక్ష పండించేదైతే ఇంకా మంచిది. కత్తిరింపు నుంచి ఫిబ్రవరి కోత దాకా ఉండాలి. జీతం వచ్చినా రాకపోయినా ఫర్వాలేదు. బూజు తెగులు వచ్చిన వారంలో, మందు కొట్టే రోజుల్లో కూడా తనకు ఆ పని నచ్చుతోందేమో అడగండి. నచ్చితే మార్చిలో లింకన్‌కి అప్లికేషన్ పెట్టించండి, లోన్ కాగితాల మీద అప్పుడు సంతకం చేయండి. నచ్చలేదంటే పోయింది ఒక్క సీజన్, ఎమ్మెస్సీ ఎక్కడికీ పోదు.