ఏ1 రాయాలా వద్దా: ముందు ఆయన కార్డు చూడండి

సిస్టర్, మ్యూనిక్‌లో ఉన్న మీ ఆయన దగ్గరికి వెళ్లాలంటే జర్మన్ ఏ1 (జర్మన్ భాషలో మొదటి మెట్టు పరీక్ష) తప్పదా, కావలిలో తెలుగు మీడియం చదివిన నాకు అది వస్తుందా అని అడిగారు.

ముందు ఆయన రెసిడెన్స్ కార్డు ఫొటో తెప్పించుకోండి. అది ఈయూ బ్లూకార్డ్ (పెద్ద చదువున్న విదేశీ ఉద్యోగులకిచ్చే పర్మిట్) అయితే భార్య వీసాకి భాష సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆ మాట చెప్పకుండా కోర్సు ఫీజు కట్టమంటే కట్టకండి. వేరే పర్మిట్లలో కొన్నిటికి ఏ1 అడుగుతారు, కొన్నిటికి మినహాయింపు ఉంది.

పరీక్ష గురించి టెన్షన్ వద్దు. 100కి 60 వస్తే పాస్. తెలుగు మీడియం అయినా ఏం ఫర్వాలేదు, ఇంగ్లీషులో చదివినవాళ్లకీ జర్మన్ కొత్తే. మాట్లాడే భాగంలో మీ పేరు ఒక్కో అక్షరం చెప్పమంటారు. అక్కడ 'వి'ని ఫౌ అనాలి, 'జె'ని యోట్ అనాలి. తర్వాత ఫోన్ నంబరు. 24ని 'నాలుగూ ఇరవై' అన్నట్టు తిప్పి చెబుతారు కాబట్టి అంకెల దగ్గరే చాలామంది తడబడతారు. రోజూ కూరగాయల రేట్లు, బస్సు నంబర్లు జర్మన్‌లో పైకి అనుకోండి, నాలుక తిరుగుతుంది.

మనకు దగ్గరి పరీక్ష సెంటర్ చెన్నై గోథే ఇన్‌స్టిట్యూట్. పరీక్ష పొద్దున అయితే ముందురోజే పినాకిని రైలు ఎక్కండి.

బ్లూకార్డే అయినా కొంచెం నేర్చుకునే వెళ్లండి. భార్యగా వచ్చే పర్మిట్‌తో అక్కడ మీరూ ఉద్యోగం చేయొచ్చు, భాష వస్తే త్వరగా దొరుకుతుంది. కార్డు మీద ఏముందో చూసి రాయండి, కాగితాల సంగతి అప్పుడు చెబుతాను.