బడి తోట పెడితే పిల్లలు నిజంగా కూరగాయలు తింటారా?

మీ బడిలో పిల్లలు సాంబారులో ముక్కలన్నీ ఏరి పక్కన పెడుతున్నారని, బడి ఆవరణలో కూరగాయల తోట వేస్తే మార్పు వస్తుందా, వేస్తే ఎలా మొదలుపెట్టాలని అడిగారు. నేను ఖమ్మం జిల్లాలో ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. ఐదేళ్లుగా బడిలో తోట ఉంది. మొదటి ఏడాది తోట మొత్తం పోయింది. అదెందుకు పోయిందో ముందు చెబుతాను, మీకు అదే ఎక్కువ పనికొస్తుందండి.

ఆ ఏడాది టమాటా, వంగ, క్యాబేజీ నారు తెచ్చాను. మడులు నేనే గీశాను, ఎక్కడ ఏం నాటాలో నేనే చెప్పాను. పిల్లలు నీళ్లు పోశారు, కలుపు తీశారు. టమాటాలు ఎరుపెక్కే సమయానికి కోతులు దిగాయి. మిగిలిన వంకాయలు కోసి, బడి చూడటానికి వచ్చిన పెద్దవాళ్లకు సంచుల్లో పెట్టి ఇచ్చాం. నీళ్లు మోసిన పిల్లల కంచంలోకి ఒక్క కాయ కూడా రాలేదు. తర్వాత వాళ్లు ఆ వైపు రావడమే మానేశారు. ఆ తప్పు నాదే.

రెండో ఏడాది ఏం వేయాలో పిల్లలకే వదిలేశాను. కోసిన ప్రతి ఆకూ అదే రోజు వాళ్ల కంచంలోకి రావాలని నియమం పెట్టుకున్నాం. మెంతి, తోటకూర, గోంగూర, బొబ్బర్లు కావాలన్నారు. పిల్లల ఓపికకు ఆకుకూరలే సరిపోతాయి. మెంతి మూడు వారాల్లో, తోటకూర నాలుగు వారాల్లో చేతికొస్తుంది. మా దగ్గర కోతులు కూడా మెంతి, గోంగూరల జోలికి పెద్దగా రాలేదు.

ఇక్కడ చాలామంది మర్చిపోయే మనిషి ఒకరున్నారు, వంట చేసే అక్క. అరవై మందికి సరిపడా తోటకూర ఏరి, ఇసుక పోయేలా కడగడం ఎంత పనో ఆలోచించండి. ఆమెకు వచ్చే గౌరవ వేతనం ఎంత తక్కువో మీకూ తెలుసు. అందుకే ముందు ఆమెనే అడిగాం. "పప్పు వండే రోజు కోయండి సార్, ఆకు మీరే ఏరి ఇవ్వండి" అంది. అప్పటి నుంచి ప్రార్థనకు ముందే ఒక జట్టు ఆకు కోసి, ఏరి, మూడు నీళ్లలో కడిగి వంటగదిలో ఇస్తుంది. మొదటిసారి తోటకూర పప్పు వడ్డించిన రోజు, ఆకు కనిపిస్తే చాలు కంచం పక్కకు జరిపే ఏడో తరగతి అబ్బాయి "అక్కా, ఇది మా మడిలోదేనా?" అని అడిగి, తిని, మళ్లీ వేయించుకున్నాడు. ఆ రోజు పప్పు గిన్నె ఖాళీ అయింది. అందరూ అన్నీ తింటున్నారని మాత్రం చెప్పను. కాకరకాయ ఇప్పటికీ చాలామంది ముట్టరు. బడిలో గోంగూర తినే ఒక అమ్మాయి ఇంట్లో తినదట.

తోట కూరగాయల ఖర్చు తగ్గిస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మధ్యాహ్న భోజనంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు ఒక్కొక్కరికి రోజుకు 75 గ్రాముల కూరగాయలు ఉండాలి. మా దగ్గర ఆ తరగతుల్లో 64 మంది ఉన్నారు, అంటే రోజుకు 4.8 కిలోలు. మా ఐదు మడులు అంత పండించలేవు. ఆ లెక్క పిల్లలతోనే వేయించాను. కూర వెనక ఎంత నేల, ఎంత శ్రమ ఉందో అప్పుడు వాళ్లకు అర్థమైంది.

పాఠాల సంగతికొస్తే, పుస్తకంలో రెండు లైన్లు ఉన్నది తోటలో రెండు రోజులు పడుతుంది, కానీ మరిచిపోరు. బొబ్బర మొక్కను వేళ్లతో సహా పెకలించి బుడిపెలు చూపించాను. బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనిపించాలి. అప్పుడు అందులోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తోందని తెలుస్తుంది. గుమ్మడికి పూలు పూసి పిందెలు రాలిపోతుంటే పిల్లలు దిగులుపడ్డారు. కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, లేనిది మగపువ్వు అని గుర్తుపట్టి, పొద్దున్నే మగపువ్వు రెమ్మలు తుంచి ఆడపువ్వులో రుద్దారు. ఆ పిందెలు నిలిచాయి. మొక్కలకు పోసే సహజ ఎరువు జీవామృతం కొలత 200 లీటర్ల నీటికి పేడ 10 కిలోలు, గోమూత్రం 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, శనగపిండి 2 కిలోలు. మా డ్రమ్ము 20 లీటర్లది. దానికి ఎంతెంత కావాలో ఆరో తరగతి వాళ్లే నిష్పత్తుల్లో తేల్చారు. బొబ్బర్లకు పేనుబంక పడితే బూడిద చల్లాం, ఆ పేనును తినే అక్షింతల పురుగులను చంపొద్దని పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు. సీసాల్లో వచ్చే పురుగు మందులు బడి గేటు దాటనివ్వం.

మా ఆడపిల్లల్లో చాలామంది వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రను ఇష్టంగా మింగరు. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుందని చెప్పి, గోడ పక్కన నిమ్మ మొక్క నాటించాను. మాత్ర మానొద్దని కూడా ప్రతిసారీ చెబుతాను.

ఒక తల్లి వచ్చి, "మేం కూలికి పోయేది వాళ్లు చదువుకోవాలనే సార్, ఇక్కడా మట్టి పనేనా?" అని అడిగింది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అప్పటి నుంచి తోట పని వారానికి రెండు పీరియడ్లు మించనివ్వం. పని చేసిన ప్రతిసారీ నోటుబుక్కులో కొలతో, బొమ్మో, లెక్కో ఉండాలి. శిక్షగా తోటకు పంపడం పూర్తిగా నిషేధం. పార మగపిల్లలకు, కలుపు ఆడపిల్లలకు అనే పంపకం కూడా లేదు, వారం వారం మారుతుంది. ఆ తల్లికి కూతురి నోటుబుక్కు చూపించాను. తర్వాత ఆమే మాకు చుక్కకూర విత్తనాలు పంపింది.

వేసవి సెలవుల్లో తోట ఎండిపోతుందనే టెన్షన్ మీకూ ఉంటుంది. మేం మునగ, కరివేపాకు, బొప్పాయి లాంటివి అంచుల్లో పెట్టాం, అవి తట్టుకుంటాయి. ఆకుకూర మడులను ఏప్రిల్‌లో వదిలేసి, జూన్‌లో బడి తెరిచాక మళ్లీ మొదలుపెడతాం. కంచాలు కడిగిన నీళ్లు బొప్పాయి పాదులకు పోతాయి, ఆకుకూరలకు మాత్రం మంచి నీళ్లే.

స్థలం లేదని ఆగకండి. బడుల్లో పోషకాహార తోటల గురించి 2019లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే డాబా మీద, కుండీల్లో పెంచుకోవచ్చని ఉంది. వంటింట్లో మెంతులు ఎలాగూ ఉంటాయి. ఒక పిడికెడు రాత్రి నానబెట్టి, పగిలిన బకెట్టులో మట్టి నింపి పిల్లలతో చల్లించండి. మూడు వారాల తర్వాత పప్పు వండే రోజు ఎప్పుడో మీ వంట అక్కను ఈ రోజే అడిగి పెట్టుకోండి.