డీప్ లెర్నింగ్ వచ్చాక ఆడవాళ్ళ పెల్విస్ ఎంఆర్ఐలో ఏం తగ్గించొచ్చు, ఏం తగ్గించకూడదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: విశాఖ జగదాంబ దగ్గర మీ సెంటర్‌లో 1.5 టెస్లా ఎంఆర్ఐ మెషీన్‌కి డీప్ లెర్నింగ్ రీకన్‌స్ట్రక్షన్ (తక్కువ డేటాతోనే ఏఐ సాయంతో శుభ్రమైన బొమ్మ కట్టే సాఫ్ట్‌వేర్) వేశారు. ఆడవాళ్ళ పెల్విస్ (పొత్తికడుపు) స్కాన్‌ని 35 నిమిషాల నుంచి 15కి దించమని యాజమాన్యం అంటోంది. దించితే గర్భసంచి మైనం పూసినట్టు నున్నగా వస్తోందని, పైగా దాని మీద గీతలు పడుతున్నాయని రేడియాలజిస్టు గారు రిపోర్టు ఇవ్వడానికి వెనకాడుతున్నారు.

ఆయన వెనకాడటం సబబే. నున్నదనం వేరు, గీతలు వేరు. రెండింటికీ మందు ఒకటి కాదు.

ముందు గీతల సంగతి. జీఈ ఎయిర్ రీకాన్ డీఎల్ అయినా, సీమెన్స్ డీప్ రిజాల్వ్ అయినా, ఫిలిప్స్ స్మార్ట్‌స్పీడ్ అయినా ప్రధానంగా తగ్గించేది నాయిస్‌ని, అంటే బొమ్మ మీద ఇసుక చల్లినట్టుండే మచ్చల్ని. పేగు కదిలినా, పొట్ట గోడ ఊపిరితో లేచి పడినా ఆ కదలిక రా డేటాలోకి (బొమ్మ కట్టక ముందు మెషీన్ పట్టిన సిగ్నల్) ఎక్కేసి ఉంటుంది, దాన్ని ఇవి తుడవలేవు. మీరు బహుశా సాజిటల్ టీ2లో (పక్క నుంచి కోసినట్టు చూపే, నీరు తెల్లగా కనిపించే బొమ్మ) యావరేజెస్‌ని (ఒకే సిగ్నల్‌ని ఎన్నిసార్లు తీసి సగటు చేస్తామో ఆ సంఖ్య) 3 నుంచి 1కి దించి ఉంటారు. లెక్క చూడండి: టీఆర్ (ఒక్కో విడతకి పట్టే టైమ్) 4000 మిల్లీసెకన్లు, ఫేజ్ లైన్లు (బొమ్మకి కావాల్సిన వరసలు) 320, ఎకో ట్రైన్ (ఒక్కో విడతలో తీసే వరసలు) 16, యావరేజెస్ 3 అయితే 240 సెకన్లు. యావరేజ్ 1కి వస్తే 80 సెకన్లు. సిగ్నల్‌కీ నాయిస్‌కీ ఉన్న నిష్పత్తి 58 శాతానికి పడుతుంది, దాన్ని సాఫ్ట్‌వేర్ నిలబెడుతుంది. కానీ 3 యావరేజెస్ ఇంకో పని కూడా చేసేవి. ఊపిరి వల్ల వచ్చే ఘోస్ట్‌లని (కదిలిన భాగం నీడల్లా వేరేచోట పడే గీతలు) ఒకదాని మీద ఒకటి కలిపి పలచన చేసేవి. ఇప్పుడా పని చేసేవాళ్ళు లేరు. నాయిస్ పోయి బొమ్మ శుభ్రపడేసరికి ఆ ఘోస్ట్‌లు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

అందుకని యావరేజెస్ 2 ఉంచి, పారలల్ ఇమేజింగ్ (సిగ్నల్ పట్టే యాంటెనాలైన కాయిళ్ళ సాయంతో సగం వరసలే తీయడం) 2 పెట్టండి. అదే 80 సెకన్లు, ఘోస్ట్ తక్కువ. తర్వాత ఫేజ్ డైరెక్షన్, అంటే ఘోస్ట్‌లు పరిగెత్తే దిక్కు, చూడండి. సాజిటల్‌లో ఫేజ్ ముందు నుంచి వెనక్కి ఉంటే పొట్ట మీది కొవ్వు పొర నీడలు వరసగా గర్భసంచి మీదుగా నడుస్తాయి. ఫండస్ (గర్భసంచి పై భాగం) దగ్గర జూమ్ చేసి చూస్తే చర్మం వంపుకి సమాంతరంగా వంగిన తెల్లటి గీతలు, సమాన దూరంలో కనిపిస్తాయి. వాటిలో ఒకటి జంక్షనల్ జోన్ (గర్భసంచి కండరం లోపలి అంచున ఉండే నల్లటి పట్టీ) మీద పడిందంటే అంచు చెదిరి పట్టీ అసలు కంటే మందంగా కనిపించొచ్చు, లేని అడినోమయోసిస్ (గర్భసంచి లోపలి పొర కండరంలోకి పెరిగే జబ్బు) రిపోర్టులోకి వస్తుంది. ఫేజ్‌ని తల నుంచి కాళ్ళ వైపుకి తిప్పి, ఓవర్‌శాంప్లింగ్ (బయటి శరీరం బొమ్మలోకి మడత పడి రాకుండా ఎక్కువ మేర తీయడం) 50 శాతం ఇవ్వండి, దూరంగా ఉన్న కాయిల్ ఎలిమెంట్లు ఆపేయండి. 80 సెకన్లు 120 అవుతుంది. మిగిలిన టైమ్ ఖర్చు పెట్టాల్సిన చోటు ఇదే.

పొట్ట కొవ్వు మీద శాట్ బ్యాండ్ (ఆ మేర సిగ్నల్‌ని నొక్కేసే పట్టీ) కూడా వేయండి. అయితే సిజేరియన్ అయిన మనిషికి నెలసరి రోజుల్లో కుట్టు దగ్గర నొప్పి, గడ్డ అని చెబితే మాత్రం వేయకండి. మచ్చలో ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం బయట పెరగడం) ఉంటే ఆ బ్యాండ్ కిందే మాయమైపోతుంది. ఫారంలో ఒక్క ప్రశ్న చేర్చుకుంటే తెలిసిపోతుంది.

తల నుంచి కాళ్ళ వైపుకి తిప్పాక పైనున్న చిన్న పేగుల కదలిక కిందికి దిగుతుంది. దానికి పేగుల్ని నెమ్మదింపజేసే బస్కోపాన్ ఇంజెక్షన్ కావాలి. హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ 20 మిల్లీగ్రాములు, డాక్టరు గారు రాస్తేనే. గ్లాకోమా, గుండె దడ, మయస్తీనియా (కండరాల బలహీనత జబ్బు) ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. ఇచ్చాక కొంతసేపు చూపు మసకబారొచ్చు, వెంటనే బండి నడపొద్దని చెప్పండి. నరానికి ఇస్తే పేగు నెమ్మదించేది సుమారు 15, 20 నిమిషాలే. పాత పద్ధతిలో ఒక్కో టీ2 ప్లేన్‌కి (బొమ్మ తీసే దిశకి) 4 నిమిషాలు, మధ్యలో ప్లానింగ్, మూడో ప్లేన్‌కి వచ్చేసరికి పేగు మళ్ళీ లేచేది. ఇప్పుడు మూడు ప్లేన్లూ 6 నిమిషాల్లో, మందు పనిచేస్తుండగానే అయిపోతాయి. ఆడవాళ్ళ పెల్విస్‌కి డీప్ లెర్నింగ్ చేసిన అసలు మేలు ఇదేనని నా అభిప్రాయం. కాబట్టి ఇంజెక్షన్ పడగానే టీ2లే తీయండి, డిఫ్యూజన్ (నీటి అణువుల కదలిక చూపే బొమ్మ), టీ1 (కొవ్వు, పాత రక్తం తెల్లగా కనిపించే బొమ్మ) తర్వాత.

ఇక నున్నదనం. డీనాయిజ్ లెవెల్ ఎక్కువలో పెట్టి ఉంటారు. మధ్యస్థానికి దించండి. సర్విక్స్ (గర్భసంచి ముఖద్వారం) క్యాన్సర్‌లో స్ట్రోమా (దాని గోడ) నల్లటి ఉంగరం చెక్కుచెదరకుండా ఉందా అన్నదాని మీద పారామెట్రియం ప్రశ్న, అంటే జబ్బు పక్క కణజాలంలోకి పాకిందా అన్నది, ఆధారపడుతుంది. ఆ ఉంగరంలో సన్నటి తెగుడుని అతి నున్నదనం పూడ్చేయొచ్చు. అడినోమయోసిస్‌లో కండరం మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్ల చుక్కలూ అంతే. ఇంకోటి, చాలా సాఫ్ట్‌వేర్లు పిక్సెళ్ళని రెట్టింపు చేసి చూపిస్తాయి. తెర మీద సన్నగా కనిపించినంత మాత్రాన అంత సన్నగా తీసినట్టు కాదు, ఎక్వైర్ చేసిన వాక్సెల్ (నిజంగా తీసిన అతి చిన్న ముక్క) ఎంతో చూడండి. స్లైస్ 4 నుంచి 3 మిల్లీమీటర్లకి దించితే 25 శాతం సిగ్నల్ పోతుంది, అది సాఫ్ట్‌వేర్ సులువుగా మోస్తుంది. స్పీడు కంటే నేను ఆ 3 మిల్లీమీటర్లే కోరుకుంటాను.

ఎండోమెట్రియోసిస్‌కి ఫ్యాట్ శాట్ టీ1 (కొవ్వు సిగ్నల్ తీసేసిన టీ1) మానకండి, దాని బదులు స్టిర్ (టీ1 విలువని బట్టి కొవ్వుని నల్లబరిచే పద్ధతి) పెట్టకండి. పాత రక్తం టీ1 విలువ (సిగ్నల్ కోలుకునే సమయం) కొవ్వుకి దగ్గరగా ఉంటే స్టిర్‌లో అది కూడా నల్లబడిపోతుంది.

డిఫ్యూజన్‌కి డీప్ లెర్నింగ్ ఆన్ చేస్తే ఏడీసీ (నీటి కదలిక కొలత) అంకెలు కొంచెం మారొచ్చు. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో, కేజీహెచ్‌లోనో రేడియేషన్ తీసుకుంటూ ఫాలోఅప్‌కి వచ్చేవాళ్ళకి పాత స్కాన్ ఏ పద్ధతిలో తీశారో అదే పద్ధతి పాటించండి, మార్చితే రిపోర్టులో రాయించండి.

మెషీన్‌లో వీలుంటే మామూలు రీకన్‌స్ట్రక్షన్‌నీ పక్కనే సేవ్ చేసేలా స్కాన్‌కి ముందే పెట్టుకోండి. రా డేటా మెషీన్‌లో ఎక్కువ కాలం నిలవదు, తర్వాత కావాలంటే దొరకదు. మొదటి 20 మందికి సాజిటల్ ఒక్కటి పాత, కొత్త పద్ధతుల్లో తీసి, ఏది ఏదో చెప్పకుండా రేడియాలజిస్టు గారికి చూపించండి. లెవెల్ ఆయనే తేలుస్తారు.

పాడేరు ఘాట్ దిగో, శ్రీకాకుళం నుంచి తెల్లారి బస్సులోనో వచ్చేవాళ్ళు రాత్రి నుంచీ పస్తుంటారు. అంత అక్కర్లేదు, 4 గంటలు చాలు. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది ఫోన్‌లోనే చెప్పండి. మూత్రం గంట ముందు పోయించండి. మూత్రాశయం మరీ నిండితే ఆమె కాళ్ళు కదుపుతుంది, మరీ ఖాళీ అయితే పేగులు గర్భసంచి మీదికి జారతాయి.

ఇవన్నీ కలిపితే టేబుల్ మీద 20 నుంచి 22 నిమిషాలు అవుతుంది. యాజమాన్యానికి ఈ అంకే చెప్పండి. 15కి దించాలంటే ఓవర్‌శాంప్లింగో ఫ్యాట్ శాట్ టీ1నో వదులుకోవాలి. రీస్కాన్‌కి పిలిస్తే పాడేరు నుంచి ఆవిడ మళ్ళీ ఒక రోజు కూలి మానుకుని రావాలి.