డి.ఓ. డాక్టరు దగ్గరికి అమ్మని తీసుకెళ్లచ్చా? – సమాధానం

డాలస్‌లో మీ అమ్మగారి నడుంనొప్పి చూడబోయే డాక్టరు పేరు పక్కన ఎం.డి. బదులు డి.ఓ. (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) అని ఉందని, చేతులతో చికిత్స చేస్తానన్నారని టెన్షన్ పడుతున్నారు కదండీ. ముందు ఆ భయం వదిలేయండి. అమెరికాలో డి.ఓ.లు పూర్తి లైసెన్సు ఉన్న డాక్టర్లే. మందులు రాస్తారు, ఆపరేషన్లూ చేస్తారు. 2020 నుంచి రెసిడెన్సీలకు (చదువయ్యాక ఆసుపత్రిలో చేసే శిక్షణకు) గుర్తింపు కూడా ఎం.డి.లతో కలిపి ఒకటే. (బ్రిటన్, ఫ్రాన్స్‌లలో సంగతి వేరు, అక్కడ ఇలా చేతులతో చికిత్స చేసే ఆస్టియోపాత్‌లు చాలావరకు డాక్టర్లు కారు.)

ఇక చేతులతో చేసే ఆ చికిత్స నడుంనొప్పికి పని చేస్తుందా అంటే, కొంతవరకే. 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో ఇది చేయించుకున్నవాళ్లకీ, మామూలు వైద్యం తీసుకున్నవాళ్లకీ 12 వారాల తర్వాత ఉపశమనం దాదాపు సమానంగానే ఉంది. మందుల వాడకం మాత్రం మొదటివాళ్లలో తగ్గింది. 2021లో వెలువడిన ఫ్రెంచ్ అధ్యయనంలో 400 మందిని తీసుకుని, సగం మందికి ఉత్తుత్తి చికిత్స చేసి పోల్చారు. రోజువారీ పనుల్లో తేడా చాలా చిన్నది, నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నొప్పి మాత్రలు పడని పెద్దవాళ్లకి ప్రయత్నించడం సబబేనని నా అభిప్రాయం. నడక, వ్యాయామం మాత్రం ఆపనివ్వకండి.

అమ్మగారికి అరవై దాటాయన్నారు. ఎముకలు గుల్లబారాయని ఎప్పుడైనా తేలి ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి. అప్పుడు వెన్నును ఒక్కసారిగా టక్కుమని నొక్కే పద్ధతి వద్దు, కండరాలను మెల్లగా సాగదీసే పద్ధతులున్నాయి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద అదుపు పోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.