వ్యాజ్యం వేసేదెవరు, వాదించేదెవరు?

సందేహం: మా పెదనాన్నగారి సప్తతికి వేస్తున్న చిన్న సంచికలో ఆయన గురించి ‘పెట్టుబడి నిధి మరియు వాణిజ్య వ్యాజ్య న్యాయవాదిగా సుదీర్ఘ వృత్తిని కలిగి ఉన్నారు’ అని రాశాను. అది చదివి మా బాబాయిగారు, ‘అన్నయ్యను కోర్టుపక్షిని చేశావేమిటమ్మా!’ అని నవ్వారు. ఈ వాక్యంలో తప్పెక్కడుంది? ఎలా దిద్దుకోవాలి? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీ బాబాయిగారి నవ్వులో న్యాయం ఉంది. తెలుగులో వ్యాజ్యం వేసేవాడూ, తెచ్చేవాడూ కక్షిదారు. న్యాయవాది పుచ్చుకొనేది వకాల్తా, వాదించేది కేసు. ఈ క్రియలు తీసేసి ‘వ్యాజ్య న్యాయవాది’ అని సమాసం కట్టగానే ఎవరు ఏ పని చేశారో చెప్పేవారు లేక, వ్యాజ్యం వెళ్లి మీ పెదనాన్నగారి మెడకే చుట్టుకుంది. పైగా ఆ మాట వినగానే ‘నెపం’ అనే అర్థంగల ‘వ్యాజం’ గుర్తుకు వస్తుంది. ‘నిర్వ్యాజమైన ప్రేమ’ అనడంలో ఉన్నది అదే. పొగడ్తలో నింద దాచడాన్ని ఆలంకారికులు వ్యాజస్తుతి అన్నారు. మీరు అనుకోకుండానే ఆ అలంకారం సాధించారు. మన వాడుకలో ‘లిటిగేషన్ మనిషి’ అంటే కూడా మెప్పు కాదు కదా.

అసలు ఇక్కడ ‘వ్యాజ్యం’ కంటె ‘వివాదం’ మేలు. 2015 నాటి వాణిజ్య న్యాయస్థానాల చట్టం కూడా వాణిజ్య వివాదాన్నే నిర్వచించింది. 2018 సవరణతో ఆ కోర్టులకు వెళ్లే వివాదపు కనీస విలువ కోటి రూపాయల నుంచి 3 లక్షలకు తగ్గింది. అత్యవసరమైన తాత్కాలిక ఉత్తర్వు కోరనివారు దావా వేయడానికి ముందు రాజీ మధ్యవర్తిత్వానికి వెళ్లితీరాలన్న నియమమూ అప్పుడే చేరింది. ఆ దశలో న్యాయవాది చేతిలో వివాదం ఉంటుంది గాని వ్యాజ్యం ఇంకా పుట్టి ఉండదు. షేర్లు, ఫండ్‌ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఇచ్చిన ఉత్తర్వు మీద ముంబయిలోని సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లేది అప్పీలు, హైకోర్టులో వేసేది రిట్ పిటిషన్. వీటన్నిటినీ వ్యాజ్యాలనడం పత్రికలకు చెల్లినా, న్యాయవాది జీవితం చెప్పే చోట అంత నప్పదు.

ఇక ‘నిధి’. ఒక్కటిగా ఉంటే అది పాతర, లంకెబిందె. బహువచనంలో ‘నిధులు’ అంటే ప్రభుత్వం విడుదల చేసే డబ్బు. డబ్బు కూడబెట్టి నడిపే సంస్థ అన్న అర్థం ఈ రెంటిలోనూ సూటిగా రాదు. ‘నిధి కోర్టుకెక్కింది’ అని రాస్తే, ఆ పేరుగల అమ్మాయెవరో కేసు వేసిందనుకుంటారు. మన దేశంలో మ్యూచువల్ ఫండ్‌ను సెబీ నిబంధనల ప్రకారం ట్రస్టుగా ఏర్పాటు చేస్తారు. ధర్మకర్తలు వేరు, సొమ్ము నడిపే కంపెనీ వేరు. 2020 ఏప్రిల్‌లో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే ఫండ్ సంస్థ, రుణపత్రాల్లో సొమ్ము పెట్టే తన పథకాలు ఆరింటిని మూసివేసినప్పుడు, అందుకు యూనిట్‌దారుల (వాటిలో సొమ్ము పెట్టినవారి) సమ్మతి కావాలా అక్కర్లేదా అన్న వివాదం కర్ణాటక హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సమ్మతి కావాలనే తేలింది. అటువంటి కేసు గురించి రాసేటప్పుడు ఫండ్, ట్రస్టు, పథకం అన్నవి విడివిడిగా తెలియాలి. కాబట్టి ‘ఫండ్’ను ఫండ్‌గానే ఉంచండి. సొమ్ము పెట్టినవారిని మాత్రం ‘పెట్టుబడిదారులు’ అనకండి. ఆ మాటకు పెట్టుబడిదారీ వ్యవస్థ వాసన అంటుకొని చాలాకాలమైంది. ‘మదుపరులు’ అన్న చక్కని మాట ఉండనే ఉంది.

‘మరియు’ను తీసేయండి, రెండు మాటలను కలపడానికి మనకు వాటి చివర దీర్ఘాలు చాలు. ‘వృత్తిని కలిగి ఉన్నారు’ అనేది ఇంగ్లీషు వాక్యానికి పంచె కట్టడం. మనవాళ్లు వృత్తిలో ఉంటారు, ప్రాక్టీసు చేస్తారు, ఇదివరకు ప్లీడరీ చేసేవారు. ప్లీడరు, వకీలు, బారిస్టరు అనే మాటలకు ఒకప్పుడు తేడా ఉండేది. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ఉన్న టంగుటూరి ప్రకాశం పంతులు ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చి మద్రాసు హైకోర్టులో వాదించారు. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం ఆ అంతరాలు తీసేసింది గనుక మీరు ‘న్యాయవాది’ అంటే సరిపోతుంది. మాటవరసకు మరొకటి: వాది అన్న అర్థంలో ఉర్దూలో ఉన్న ‘ముద్దయీ’ మన దగ్గరికి వచ్చేసరికి ‘ముద్దాయి’ అయి బోనెక్కింది. కోర్టు మాటలను సరిచూడకుండా వాడితే మనుషులు ఇలాగే అటుదిటు అవుతారు.

మీ వాక్యాన్ని ఇలా మార్చి చూడండి: ‘పెదనాన్నగారు చాలాకాలం న్యాయవాదిగా ప్రాక్టీసు చేసి, మదుపరులకూ ఫండ్ సంస్థలకూ మధ్య వచ్చిన వివాదాల్లోనూ, ఇతర వాణిజ్య వివాదాల్లోనూ కేసులు వాదించారు.’ ఆయన ఎవరి పక్షాన వాదించారో మీకు తెలిస్తే ‘మదుపరుల తరఫున’ అనో ‘ఫండ్‌ల తరఫున’ అనో చేర్చండి. బాబాయిగారు తరువాత అడగబోయేది అదే.