రూట్ కెనాల్ ఫెయిలైన పన్ను మళ్లీ చేయించాలా, పీకించేయాలా? నా రెండు పళ్ల సంగతి

మీ అమ్మగారికి ఆరేళ్ల కిందట రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసిన కింది దవడ పన్ను దగ్గర ఇప్పుడు చీముపొక్కు లేచిందని, ఒక డాక్టరు పీకేసి ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ బిగించి దాని మీద పెట్టే కృత్రిమ పన్ను) పెడదాం అంటుంటే ఇంకొకాయన మళ్లీ రూట్ కెనాల్ చేస్తే చాలు అంటున్నారని, ఎవరి మాట వినాలని కదా మీరు అడిగింది. నేను డాక్టర్ని కాదండి. కానీ ఈ రెండూ నా నోట్లోనే జరిగాయి, అదీ తలకిందులుగా: పీకించాల్సిన పన్నుకి డబ్బు పోసి మళ్లీ రూట్ కెనాల్ చేయించుకున్నాను, బాగయ్యే పన్నుని పీకేయమని నేనే వెళ్లి అడిగాను.

ముందు ఆ ఇద్దరు డాక్టర్లనీ ఒకే మాట అడగండి. పాతది ఎందుకు ఫెయిలైంది? దీనికి సమాధానం చెప్పకుండా ఎవరు ఏ ప్యాకేజీ రేటు చెప్పినా ఆ రోజుకి ఇంటికొచ్చేయండి.

నా మొదటి పన్ను కింది కుడి దవడది. రూట్ కెనాల్ అయ్యాక నొప్పి పోయింది కదా అని క్యాప్ వేయించకుండా పద్నాలుగు నెలలు తిప్పాను. నరం తీసి, లోపల తొలిచేసిన పన్ను పైకి గట్టిగా కనిపిస్తుంది గానీ గోడలు పలచబడి ఉంటాయి, నమిలే పన్ను అయితే బరువంతా దాని మీదే పడుతుంది. ఒక పెళ్లిలో భోజనం అయ్యాక వక్కపలుకు కొరికాను, టక్ మన్నది, నొప్పి ఏమీ లేదు, మర్చిపోయాను. తర్వాత వేరులోకి ఇనప పోస్ట్ ఒకటి, అంటే క్యాప్ నిలవడానికి ఆధారంగా మేకులాంటిది, దింపి క్యాప్ వేశారు. 2018లో చిగురు మీద గోధుమగింజంత పొక్కు, నొక్కితే ఉప్పగా చీము. దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళ్తే ఒక చిన్న ఎక్స్‌రే తీసి, మళ్లీ రూట్ కెనాల్ అన్నారు, సరే అన్నాను, మొత్తం పదకొండు వేలు అయింది. నాలుగు నెలలు తిరక్కుండానే అదే చోట అదే పొక్కు.

అప్పుడు వేరే ఆవిడ దగ్గరికి వెళ్లాను, ఎండోడాంటిస్ట్, అంటే ఈ రూట్ కెనాల్ సబ్జెక్టులోనే ఎండీఎస్ చేసిన డాక్టరు. ఆవిడ ఎక్స్‌రే కన్నా ముందు గీతలున్న సన్నటి కడ్డీ తీసుకుని పన్ను చుట్టూ చిగురులో మెల్లగా దింపుతూ వచ్చారు, రెండు మిల్లీమీటర్లు, మూడు, రెండు, మూడు, అని అసిస్టెంటుకి చెబుతూ. ఒక్క చోట మాత్రం కడ్డీ సర్రున దిగిపోయింది. తొమ్మిది. ఆవిడ ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత క్యాప్ తీసి నీలం రంగు రాసి కడిగి, మైక్రోస్కోప్‌లోంచి ఫోటో తీసి చూపించారు: పన్ను పైనుంచి వేరు వైపుకి వెంట్రుకంత నీలం గీత. వేరు నిలువుగా చీలింది. ఆ సందులోంచి సూక్ష్మజీవులు దిగుతూనే ఉంటాయి, లోపల ఎన్నిసార్లు కడిగి నింపినా ఆగదు, అలా చీలిన పన్నుకి పీకడమే దారి అన్నారు. చుట్టూ అంతా మామూలుగా ఉండి ఒకే చోట ఇరుకుగా లోతు దిగితే చీలికని బలంగా అనుమానిస్తారట. ఆ కడ్డీ పరీక్షకి రెండు నిమిషాలు కూడా పట్టదు, అది ముందే చేసి ఉంటే నా పదకొండు వేలు మిగిలేవి.

పీకించాను. నాలుగు నెలలు ఆగి ఇంప్లాంట్, పైన క్యాప్‌తో కలిపి ముప్పై ఐదు వేల దాకా అయింది, బాగానే ఉంది, జంతికలు కూడా నములుతున్నాను.

రెండోది పై ఎడమ దవడ పన్ను, 2022లో. మళ్లీ అదే పొక్కు కనబడేసరికి నాకు టెన్షన్ వచ్చేసి, నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్లి ఇది కూడా పీకేయండి మేడమ్, రెండుసార్లు డబ్బు పోసే ఓపిక లేదు అన్నాను. (మా అత్తగారేమో పై పన్ను పీకిస్తే కళ్లు పోతాయని ఇంట్లో ఒకటే గోల. అదేం లేదు, కంటి నరానికీ పంటి నరానికీ సంబంధం లేదు.) ఆవిడ నవ్వి, కూర్చోబెట్టి, ఆ పొక్కు రంధ్రంలోకి సేమియా పోగులాంటి సన్నటి రబ్బరు పుల్ల దూర్చి ఎక్స్‌రే తీశారు. చీము ఏ వేరు నుంచి వస్తోందో ఆ పుల్ల వెళ్లి చూపిస్తుంది. కడ్డీ ఎక్కడా మూడు దాటలేదు. తర్వాత సీబీసీటీ, అంటే పంటికి తీసే త్రీడీ స్కాన్, తీయించారు. పై మొదటి పెద్ద దవడ పన్నుకి మామూలుగా మూడు వేర్లుంటాయి గానీ వాటి లోపల నరం ఉండే కాలువలు చాలామందికి నాలుగుంటాయట, బుగ్గ వైపు ముందు వేరులో రెండో కాలువ ఒకటి దాక్కుని ఉంటుంది. నాకు మొదట చేసిన వాళ్లు మూడే నింపారు. నాలుగోది అలాగే ఉండిపోయి కుళ్లింది. అంటే పన్నుది తప్పు కాదు, పని సగంలో ఆగింది, అంతే.

దాన్ని మళ్లీ చేయడం రెండు సిట్టింగులు. పాత క్యాప్ కోసి తీశారు, నోట్లో రబ్బరు తెర కట్టారు, కాలువల్లో ముందు నింపిన పాత రబ్బరు మెత్తబడటానికి ఏదో నూనె వేస్తే గది అంతా నీలగిరి తైలం వాసన. మందు పెట్టి రెండు వారాలు మూసి ఉంచారు, పొక్కు మానాకే నింపారు. కొత్త క్యాప్‌తో కలిపి పదహారు వేలు. ఏడాదికి ఎక్స్‌రే తీస్తే వేరు చివర నల్లటి మచ్చ పోయి ఎముక నిండింది.

ఇక మీ అమ్మగారి సంగతి. చీలిక లేదు అని తేలితే, క్యాప్ తీశాక చిగురు పైన చుట్టూ కనీసం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగులుతుంది అంటే, ఎముక బాగా పట్టుకుని ఉంటే, నేనైతే మళ్లీ చేయించడానికే మొగ్గుతాను. చీలినా, చిగురు లోపలికి పుచ్చిపోయి క్యాప్ నిలవడానికి ఆధారం లేకపోయినా, పన్ను బాగా కదులుతున్నా పీకించడమే మేలు. చీలిక స్కాన్‌లో కూడా ఒక్కోసారి కనబడదు, లోపలి పోస్ట్, రబ్బరు వల్ల ఆ భాగమంతా మసకగా వస్తుంది, అందుకే క్యాప్ తీసి చూశాక చీలిక ఉంటే అక్కడితో ఆపేయండి, అప్పటిదాకా అయిన పనికే బిల్లు తీసుకోండి అని ముందే మాట్లాడుకోండి. నేను రెండోసారి అలాగే మాట్లాడుకున్నాను, ఆవిడేమీ నొచ్చుకోలేదు. కాలువలు బాగానే నింపి ఉండి, పెద్ద పోస్ట్ తీస్తే పన్ను పగిలేలా ఉంటే చిగురు తెరిచి వేరు కొస మాత్రం కోసి మూసే చిన్న ఆపరేషన్ కూడా ఉంది, మీ అమ్మగారికి అది కుదురుతుందా అని అడగండి.

ఖర్చు లెక్క వేసేటప్పుడు పీకుడు చవక అనుకోకండి. పీకడం వరకే చవక. తర్వాత ఇంప్లాంటో బ్రిడ్జో (పక్క పళ్ల ఆధారంగా కట్టే పన్ను) ఉంటుంది, బ్రిడ్జికైతే అటూ ఇటూ ఉన్న మంచి పళ్లని అరగదీయాలి. ఏమీ పెట్టించకుండా వదిలేస్తే పక్కవి వాలతాయి, పైది కిందికి దిగుతుంది. ఆ పన్ను అన్నిటికన్నా చివరిదైతే మాత్రం ఖాళీగా వదిలేసినా చాలామందికి నడిచిపోతుంది.

అమ్మగారికి షుగర్ ఉందన్నారు కాబట్టి మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష (హెచ్‌బీఏ1సీ) ముందే చేయించండి, ఎక్కువగా ఉంటే రెండిట్లో ఏది చేసినా మానడం ఆలస్యం అవుతుంది. ఎముకలు గట్టిపడటానికి వారానికో మాత్రగానీ ఏడాదికో ఇంజెక్షన్‌గానీ వాడుతుంటే పీకించే ముందు తప్పకుండా చెప్పాలి, అవి వాడేవాళ్లలో కొందరికి పీకిన చోట ఎముక మానదు. రక్తం పలచబడే మాత్రలు ఉంటే మీ అంతట మీరు ఆపకండి. యాంటీబయోటిక్ వేస్తే పొక్కు తగ్గింది అని మీరు రాశారు, నాకూ తగ్గింది, రెండుసార్లూ తగ్గింది, రెండుసార్లూ తిరిగొచ్చింది. మొహం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం కష్టమైనా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి ఆ రోజే చూపించండి. వాపు మెడకి దిగినా, మింగడం, ఊపిరి కష్టమైనా నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకే.

డబ్బు ఇబ్బందైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి, తిరగడం ఎక్కువ, ఓపిక కావాలి, కానీ ఖర్చు బాగా తగ్గుతుంది. ఆరేళ్ల కిందటి ఎక్స్‌రే బీరువాలో ఎక్కడైనా ఉంటే వెతికి పట్టుకెళ్లండి. వేరు కింద మచ్చ అప్పట్నుంచీ ఉందా, కొత్తగా పుట్టిందా అనేది రెండూ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.